సమాధానపడే పది నిమిషాలు

ఏడు అంశాలట. పాస్టరుగారు మొదట్లోనే రెండు చేతులూ ఎత్తి వేళ్ళు చూపించారు, ఇటు ఐదు, అటు రెండు, ప్రాయశ్చిత్తమంటే ఏమిటో ఈ ఉదయం ఏడు అంశాల్లో తేటతెల్లం చేసేస్తానని. పావుగంట గడిచింది, ఆయన ఇంకా మొదటి వేలు దగ్గరే ఉన్నారు. చెప్పండి పాస్టరుగారూ, తీరిగ్గా చెప్పండి, నాకేం తొందర, ఈ ప్రసంగం అయిపోగానే లేచి వెళ్ళి నా పరువు నేనే తగలబెట్టుకోబోతున్నాను, అంతే కదా. నా పక్కన ఆవిరక్క ప్రతి మాటకీ తల ఊపుతోంది. ఆవిడ తల ఊపితే కుర్చీ కిర్రుమంటుంది, కిర్రుమన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతోంది. దేవుడు పాపిని ప్రేమిస్తున్నాడు, కిర్రు. మన శిక్ష ఆయన భరించాడు, కిర్రు. ఊపక్కా, ఊపు, ఆ సంగతి నీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు. మాకు మూడు వరసల ముందు, నడవ పక్క కుర్చీలో, మోకాలాయన కూర్చున్నాడు. కుడికాలు మడత పడదు కాబట్టి ఎప్పుడూ నడవలోకి చాచి పెడతాడు. మా హాలుకి తలుపు వేదిక పక్కనే ఉండటంతో వచ్చినవాళ్ళందరూ ఆ కాలు దాటుకుంటూ, సారీ బ్రదర్, సారీ బ్రదర్ అంటూ వెనక్కి వెళ్తారు. ఇందాక నేనూ దాటాను. సారీ మాత్రం అనలేదు. ఇంతమందిలో ఆ మాట ఆయనతో నిజంగా అనాల్సినదాన్ని నేనొక్కదాన్నే, ఎందుకంటే ఆ కాలు అలా కొయ్యబారిపోయింది నా వల్ల. ఆయనకి ఆ సంగతి తెలీదు. ఆవిరక్క వల్ల అనుకుంటున్నాడు. ఈరోజు సమాధానపడే పది నిమిషాల్లో వెళ్ళి చెప్పేస్తాను. పోయిన నెలా ఇదే అనుకున్నాను, అది వేరే సంగతి.

మా సంఘంలో నెలకోసారి రొట్టె ఇచ్చే ముందు ఇదొక పద్ధతి. ఎవరికి ఎవరి మీద ఏమున్నా లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళి, చెప్పుకుని, చేతులు కలుపుకుని, ఆ తర్వాతే రొట్టె తీసుకోవాలి. పది నిమిషాలు. అంతసేపూ పాస్టరమ్మగారు కీబోర్డు వాయించి చివర్లో గంట కొడతారు. గంట మోగేసరికి ఎవరు ఎక్కడుంటే అక్కడే దొరికిన కుర్చీలో కూలబడాలి, ఎందుకంటే మొదట్లో జనం ఎవరి చోటికి వాళ్ళు తిరిగి వెళ్ళడానికే ఇంకో పావుగంట పట్టేది. వినడానికి ఎంత బాగుందో. తీరా జరిగేది ఏమిటంటే, ఎవరితో ఏ గొడవా లేదో సరిగ్గా వాళ్ళ దగ్గరికే పరిగెత్తుతారు అందరూ. పాటలు పాడే అమ్మాయిలు ఒకరినొకరు కావిలించుకుని కళ్ళు తుడుచుకుంటారు, వాళ్ళలో నా కూతురూ ఒకతె, నిన్న సాయంత్రం దాకా కలిసి పకపకలాడినవాళ్ళకి ఇవాళ పొద్దునకల్లా ఏం పుట్టిందని. సంఘపెద్దకి తన సొంత తమ్ముడితో పన్నెండేళ్ళుగా మాటల్లేవు. ఆ తమ్ముణ్ణి తప్పించుకుని హాలు ఆ చివరిదాకా వెళ్ళి ఒక ముసలావిడ చేతులు పట్టుకుని నన్ను క్షమించమ్మా అంటాడు. ఆవిడకి చెవుడు. బాగున్నాను నాయనా, నువ్వెలా ఉన్నావు అంటుంది. నేనేమన్నా తక్కువ తిన్నానా. పంతొమ్మిదేళ్ళుగా నెలకోసారి పక్కకి తిరిగి ఆవిరక్క చేతులు పట్టుకుంటాను. ఆవిడ నా వేళ్ళు ఒకసారి నొక్కి వదిలేస్తుంది. పని అయిపోతుంది, ఇద్దరం ముందుకి తిరిగి కూర్చుంటాం.

రెండో వేలు. రక్తం. వచ్చిందండీ, ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను. రక్తం మనల్ని కడుగుతుంది అంటున్నారు పాస్టరుగారు, ఎంత పెద్ద మరకైనా సరే అంటున్నారు, నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తున్నాయి. నేను ఆసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు కడిగే గదిలో పని చేస్తాను. కత్తెరలు, పటకార్లు, ఎముకల్లో దింపే మరలు, వాటిని బిగించే పిడులు. రక్తం సంగతి నాకా చెప్తారు. నేను చూసిన రక్తం దేన్నీ కడగలేదు, దాన్నే కడగాల్సి వచ్చింది ప్రతిరోజూ, అది కూడా ముందు చన్నీళ్ళతో. కొత్తగా చేరినవాళ్ళు తొందరపడి వేడినీళ్ళు పోసేస్తారు, ఆ వేడికి రక్తం ఉడికి ఉక్కుకి అతుక్కుపోతుంది, ఇక దాన్ని కత్తెర కీలులోంచి వదిలించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ఈ ముక్క నాకు నేర్పింది ఆవిరక్కే. నాకు తెలుసు, పాస్టరుగారు చెప్పే రక్తం వేరు, ఒకాయన మన కోసం తన ప్రాణం పెట్టాడు, ఆ ప్రాణానికి పేరది, అంతమాత్రం తెలియనిదాన్నా. నమ్మకం లేకపోతే ఇంత చిరాకు ఎందుకొస్తుంది నాకు? హాయిగా ఇంట్లో పడుకునేదాన్ని ఆదివారం పూట. నమ్ముతాను కాబట్టే గొడవంతా. నిజంగానే ఒకరు నా బదులు వెళ్ళి నిలబడితే ఎలా ఉంటుందో ఈ హాల్లో నాకు తెలిసినట్టు పాస్టరుగారికి కూడా తెలీదు. ఆయనకి అది ప్రసంగం. నాకు అది నా పక్క కుర్చీలో కూర్చుని కిర్రుమంటోంది.

కడిగిన పనిముట్లని సెట్లుగా పేర్చి, గుడ్డలో చుట్టి, పైన ఒక టేపు అంటించి ఆవిరి యంత్రంలో పెడతాం. ఆ యంత్రాన్ని కన్నబిడ్డలా చూసుకునేది కాబట్టి ఆసుపత్రంతా ఆవిడని ఆవిరక్క అనేవాళ్ళు, ఆసుపత్రి పోయినా ఆ పేరు పోలేదు. టేపు మీద కనీ కనపడని గీతలుంటాయి, వేడి ఆవిరి తగిలితే నల్లబడతాయి. నల్లబడితే సెట్టు యంత్రంలోకి వెళ్ళి వచ్చిందని గుర్తు. వెళ్ళి వచ్చిందనే, క్రిములు చచ్చాయని కాదు. అది చెప్పాల్సింది యంత్రం పక్కన కాగితం మీద పడే గీత, ఎంత వేడి, ఎంతసేపు అని. మొదటిరోజే నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది ఆవిరక్క, టేపు చూసి మురిసిపోకు, కాగితం చూడు అని. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, యంత్రం మధ్యలో ఆగింది. ఆవిరక్క భోజనానికి వెళ్ళింది. పైనుంచి ఫోను మీద ఫోను, మోకాలు విరిగిన మనిషి బల్ల మీద ఉన్నాడు, సెట్టు ఎక్కడ, సెట్టు ఎక్కడ. యంత్రం తలుపు తీశాను. టేపు మీద గీతలు నల్లగా దిద్దినట్టు ఉన్నాయి. కాగితం చూడలేదు. చూడలేదనే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, ఏ ప్రార్థనలోనూ ఇంతకు మించి ఒప్పుకోలేదు. చూశాను. గీత సగం దాకా ఎక్కి కిందికి జారిపోయి ఉంది. టేపు నల్లబడింది కదా, అదే చాలనుకుని సెట్టు పైకి పంపేశాను. పుస్తకంలో దించినవారి సంతకం అన్నచోట తర్వాత పెడదాంలే అని ఖాళీ వదిలేశాను. పన్నెండు రోజులకి ఆ మనిషి మోకాలు కుండలా ఉబ్బింది. మూడుసార్లు కోశారు, వేసిన మరలు తీశారు, చీము కడిగారు, మళ్ళీ వేశారు. ప్రాణం దక్కింది, మోకాలు దక్కలేదు. ఆయన నేల మీద టైల్స్ పరిచే మేస్త్రి. రోజంతా మోకాళ్ళ మీద ఉండే పని.

విచారణ గదిలో బల్లకి అటువైపు నలుగురు, ఇటువైపు మేమిద్దరం. ఆ సెట్టు యంత్రంలోంచి ఎవరు దించారు అని అడిగారు. అప్పటికి నా కూతురికి నాలుగో నెల. దాని తండ్రి ఇంట్లోంచి వెళ్ళిపోయి రెండు నెలలు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను నోరు తెరిచాను. తెరిచాననే నా నమ్మకం. ఈలోపే ఆవిరక్క "నేనే దించానండి" అంది, కిటికీ నేనే తీశానండి అన్నంత మామూలుగా. అంతే. నలుగురూ రాసుకున్నారు. నేను ఆ మాటని సరిచేయడానికి అర నిమిషం ఉండే ఉంటుంది, నోరు పెగల్లేదు అని చెప్పుకోవచ్చు, చాలామంది అలాగే చెప్పుకుంటారు, నేను మాత్రం పెగిలే నోటినే మూసుకున్నాను. వారం తిరక్కుండా ఆవిడని తీసేశారు. వెళ్ళేముందు వార్డుకి వెళ్ళి ఆ మనిషికి క్షమాపణ చెప్పి రమ్మన్నారు, వెళ్ళింది. అక్కడ జరిగింది ఇప్పుడు తలుచుకోను. సాయంత్రం మెట్ల దగ్గర నేను ఏడుస్తుంటే "నీకు చంటిపిల్ల ఉంది, నాకెవరున్నారే, నోరు మూసుకుని పని చేసుకో" అంది. నోరు మూసుకోవడంలో నాకు ఎవరి సలహా అక్కర్లేదని ఆవిడకి తెలీదు పాపం. ఇప్పుడా గదికి పెద్దని నేనే. ఆవిరక్క హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే చోట పంతొమ్మిదేళ్ళుగా నిలబడి పని చేస్తోంది, కాళ్ళ నరాలు తాళ్ళలా పైకి తేలాయి.

మూడో వేలు. ఇది మనం సంపాదించుకునేది కాదు, ఉచితంగా ఇచ్చినది, చెయ్యి చాచి పుచ్చుకోవడమే అంటున్నారు. పుచ్చుకోవడమే! ఎంత తేలిగ్గా అనేశారండీ ఆ మాట. ఆవిరక్క ఇచ్చింది పుచ్చుకుని చూడండి తెలుస్తుంది. నేను ఆవిడ కోసం చెయ్యని చాకిరీ లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, ఇల్లు మారినప్పుడు సామానంతా నేనే మోశాను, జ్వరం వస్తే మూడు రోజులు పక్కనే కూర్చున్నాను. ప్రతిసారీ, ఇప్పటికైనా కాస్త తేలికపడుతుందేమో అనుకుంటాను. ఆవిడ మాత్రం ఎంత మంచిదానివే అంటుంది. ఎంత మంచిదానివే! ఆ మాట వింటే చెంప మీద కొట్టినా ఇంతకంటే నయం అనిపిస్తుంది. ఒకసారి ఆవిడ వంటింట్లో, ఉల్లిపాయలు తరుగుతుంటే, ఇక పట్టలేక "అక్కా, ఒక్కసారి తిట్టు నన్ను" అన్నాను.

"ఎందుకే?"

"ఎందుకేంటి? నీకు తెలీదా ఎందుకో?"

"అదా! అదెప్పుడో అయిపోయింది కదే. నేను క్షమించేశాను, దేవుడూ క్షమించేశాడు. నువ్వొక్కదానివే పట్టుకుని వేలాడుతున్నావ్. ఆ కత్తి ఇలా ఇవ్వు, నీకు తరగడం చేతకావడం లేదు."

క్షమించేశానంది, ఇల్లు ఊడ్చేశాను అన్నట్టు. నన్ను అడగనైనా అడగలేదు. నేను చేసింది ఏమిటో మొత్తం చెప్పనైనా ఇవ్వలేదు. కాగితం మీద గీత నేను చూశానని ఆవిడకి ఇప్పటికీ తెలీదు. పొరపాటు చేసిన పిల్లని క్షమించింది ఆవిడ. తెలిసి చేసినదాన్ని ఎవరు క్షమించారు? దేవుడు అంటారు పాస్టరుగారు. సరే, దేవుడికి తెలుసు గీత సంగతి, ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆయన క్షమించాడన్న నమ్మకం నాకు ఎప్పుడూ మెడ దాకా వచ్చి ఆగిపోతుంది, లోపలికి దిగదు. దిగకపోవడానికి కారణం ఏమిటో రెండు నెలల క్రితం దాకా తెలియలేదు నాకు. రెండు నెలల క్రితం మోకాలాయన, ఆయన భార్య మా వీధికి నాలుగు వీధుల అవతల ఇల్లు తీసుకుని మా సంఘానికి రావడం మొదలుపెట్టారు. కాలు నడవలోకి చాచి కూర్చున్న మనిషిని వెనకనుంచి చూసి నేను గుర్తుపట్టలేదు. ఆవిరక్క గుర్తుపట్టింది, నాకూ చెప్పింది. గుర్తుపట్టి, పోయిన నెల సమాధానపడే పది నిమిషాల్లో, నా చేతులు పట్టుకోవడం మానేసి లేచి తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులూ చాపి నిలబడింది. ఆయన తన చేతులు ఒళ్ళో దాచుకుని తల పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ అలాగే కాసేపు నిలబడి, ఎవరో టైము అడిగితే చెప్పి వచ్చినట్టు నవ్వుతూ వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఏం చేశాను? చేతిసంచిలో ఏదో వెతుక్కున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ద్రాక్షరసం పోసే చిన్న గాజు గ్లాసులు మొత్తం నూట నలభై, వాటిని పదిహేనేళ్ళుగా శనివారం సాయంత్రం ఆవిరక్కే కడిగి ఆరబెడుతోంది. వెలుతురుకి పెట్టి ఒక్కొక్కటీ చూస్తుంది, మరక కనపడితే మళ్ళీ మొదటికి. ఉద్యోగం పోయాక ఆవిడకి మిగిలిన ఆ పనితనమంతా ఆ గ్లాసుల మీదే. మోకాలాయన సంఘపెద్దతో చెప్పాడట, ఆ చేతులు కడిగిన గ్లాసు నేను నోట పెట్టుకోను అని. ఆయన్ని ఏమనగలను, ఆయన మోకాలు ఆయనది. పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, కొన్నాళ్ళు వేరేవాళ్ళు కడుగుతారులే అమ్మా అని ఆవిడకి మెత్తగా చెప్పారు. నిన్న సాయంత్రం ఎవరో కడిగారు. ఇందాక బల్ల మీద గ్లాసులు చూశాను, సగం వాటి మీద నీటి చారలు అలాగే ఉన్నాయి. నీకు బాధగా లేదా అక్కా అంటే, ఏం బాధ, నిన్న ఓ గంట ఎక్కువ పడుకున్నాను అంది. నేను నిన్న రాత్రంతా కంటిమీద కునుకు లేకుండా మంచం మీద కూర్చుంటే ఈవిడ ఓ గంట ఎక్కువ పడుకుంది! పంతొమ్మిదేళ్ళ నాటి సంగతి అయిపోయింది అయిపోయింది అంటుంది. ఎక్కడ అయిపోయింది? నా బదులు తీసుకున్న దెబ్బ నిన్న సాయంత్రం కూడా తీసుకుంది కదా, నేను నిన్న సాయంత్రం కూడా నోరు మూసుకున్నాను కదా. ఆవిడ క్షమించింది ఆవిడ వంతు మాత్రమే. ఆయన వంతు ఆయన దగ్గరే ఉండిపోయింది, దాన్ని ఆయన వేరే మనిషి మీద మోపి తిరుగుతున్నాడు, క్షమించాలన్నా, క్షమించనని చెప్పాలన్నా ఆయనకి అసలు మనిషి తెలియాలి కదా.

ఐదో వేలో ఆరో వేలో, నాకు లెక్క తప్పింది, పాస్టరుగారు కథలోకి దిగారు. ఒక ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. చెల్లెలు తండ్రి గడియారం పగలగొట్టింది. అక్క నేను పగలగొట్టానని చెప్పి దెబ్బలు తింది. ఇదే కథ పోయిన ఏడాది చెప్పినప్పుడు గడియారం కాదు, పూలకుండీ. కథ అయిపోయింది, హాలంతా నిట్టూర్చింది, కుర్చీ కిర్రుమంది. మరి చెల్లెలు ఏమైంది పాస్టరుగారూ? మీరెప్పుడూ దెబ్బలు తిన్న అక్క దగ్గరే ఆపేస్తారు. ఆ చెల్లెలు ఆ రాత్రి అన్నం తిందా? తెల్లారాక అక్క మొహం ఎలా చూసింది? ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అక్క ఎదురుగా గొంతులో వెలక్కాయ పడ్డట్టు కూర్చుంటుందా? సిలువెక్కిన ఆయన బదులు విడుదలైన దొంగ ఒకడున్నాడు కదా, సంకెళ్ళు విప్పాక వాడు ఎటు పోయాడు, ఆ మధ్యాహ్నం ఏ వీధిలో నడిచాడు, కొండ వైపు తల తిప్పి చూశాడా లేదా, దాని మీద ఒక్క ప్రసంగం చెప్పండి, ఏడు కాదు పద్నాలుగు అంశాలున్నా కదలకుండా వింటాను. చెప్పరు. తప్పించుకున్నవాళ్ళ గురించి ఎవరికీ అక్కర్లేదు.

ఏడో వేలు దిగింది. పాస్టరుగారు రుమాలుతో మెడ తుడుచుకుని, ఇక సమాధానపడదాం అన్నారు. కీబోర్డు మొదలైంది. కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగాయి. ముందు వరసలో నా కూతురు పక్కపిల్ల భుజం మీద వాలిపోయింది. సంఘపెద్ద చెవిటి ముసలావిడ వైపు బయలుదేరాడు. ఆవిరక్క నా వైపు తిరిగి చేతులు చాపింది. నేను నా చేతులు ఇవ్వలేదు.

"అక్కా, ఆయన దగ్గరికి వెళ్తున్నా."

ఆవిడకి వెంటనే అర్థమైంది. నా మణికట్టు పట్టుకుంది, ఇస్త్రీ పెట్టె ఎత్తీ ఎత్తీ గట్టిపడ్డ చెయ్యి. "కూర్చో. పిల్ల ముందే ఉంది. నీ ఉద్యోగం సంగతి ఆలోచించావా?"

"పిల్ల విననీ. పోతే పోనీ."

"నేను చేసిందంతా ఉత్తదే చేస్తావా ఇప్పుడు?" ఆవిడ గొంతులో కోపం వినపడటం నాకు అదే మొదటిసారి. "ఎందుకు చేశాననుకున్నావే? నువ్వు చల్లగా బతుకుతావని చేశాను."

"బతకలేదక్కా," అన్నాను. "ఉద్యోగం చేశాను, పిల్లని పెంచాను, అంతే. నేను ఆ రోజు కాగితం చూశాను. గీత పడిపోవడం చూసే పంపించాను."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కాగితం మాట ఆవిడకి తగలాల్సిన చోటే తగిలింది, ఎంతైనా ఆవిరక్క కదా, ఇరవై ఏళ్ళు ఆ కాగితాన్ని నమ్ముకుని బతికిన మనిషి. ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను. తిట్టలేదు. మెల్లగా నా మణికట్టు వదిలేసింది. అది ఎప్పటిలా నొక్కి వదలడం కాదు, ఊరికే వదలడం. నేను నడవలోకి వచ్చాను. మూడు వరసలే, కానీ ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ నన్ను కావిలించుకుంటారే! క్షమించు సిస్టర్, క్షమించు సిస్టర్. ఎందుకండీ, మీరు నాకేం చేశారు, తప్పుకోండి ముందు. కానుకల డబ్బా పట్టుకుని తిరిగే వాచ్‌మన్ భార్య అయితే నా మెడ వదలదు. ఆవిడని విడిపించుకునేసరికి సగం టైము అయిపోయింది. మోకాలాయన భార్య ఎవరితోనో మాట్లాడటానికి వెళ్ళినట్టుంది, ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. లేచి తిరగడం కష్టం కాబట్టి ఎవరైనా వస్తే చెయ్యి ఇస్తాడు. నాకూ చెయ్యి చాపాడు. నేను పట్టుకోలేదు.

"అన్నయ్యా, మీ ఆపరేషన్ సెట్టు యంత్రంలోంచి దించింది ఆవిరక్క కాదు. నేను. సరిగ్గా ఉడకలేదని తెలిసే పంపించాను. ఆవిడ నా నేరం తన మీద వేసుకుంది."

చివరి మాట అంటుండగానే గంట మోగి కీబోర్డు ఆగిపోయింది. నిశ్శబ్దంలో నా గొంతు ఎంత దూరం వెళ్ళిందో తెలీదు, ముందు వరసలో నా కూతురు వెనక్కి తిరిగింది. సంఘపెద్ద అందరినీ కూర్చోండి కూర్చోండి అని సైగ చేస్తున్నాడు. నేను ఖాళీ కుర్చీలో కూలబడ్డాను.

ఆయన తన మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆవిడ కాదా?" అన్నాడు.

"కాదు."

"ఆవిడ వార్డుకి వచ్చి దణ్ణం పెడితే స్టీలు గ్లాసు తీసి విసిరాను. కనుబొమ్మ చితికింది."

"తెలుసు. నేను తలుపు దగ్గరే ఉన్నాను."

ఆయన అప్పుడు నా వైపు తిరిగాడు. "చూస్తూ నిలబడ్డావా?"

"నిలబడ్డాను."

"ఏం మనిషివి నువ్వు?" గొంతు పెంచలేదు. "పంతొమ్మిదేళ్ళు తప్పు చెయ్యని మనిషిని తిట్టుకున్నాను. ప్రార్థనలో కూడా తిట్టుకున్నాను. నన్ను క్షమించమని మాత్రం అడగకు."

"అడగను. చెప్పడానికే వచ్చాను."

ఇన్నేళ్ళలో ఆ పనికి నా మీద ఒక మనిషికి కోపం రావడం ఇదే మొదలు. నేను చేసినదానికి తగ్గట్టు ఒకరు నన్ను చూశారు. ఏడుపు రావాల్సింది, రాలేదు, గుండెల మీదనుంచి ఎవరో దిగినట్టయింది. సిగ్గు లేకుండా ఆ మాట ఒప్పుకుంటున్నాను. పాస్టరుగారు బల్ల ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మోకాలాయన ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. సంఘపెద్ద చెయ్యి అడ్డం పెట్టి కూర్చోండి బ్రదర్, గంట కొట్టేశారు అన్నాడు. ఆయన ఆ చేతిని పక్కకి తోసి, కాలీడ్చుకుంటూ మూడు వరసలు వెనక్కి నడిచాడు. నేను తిరిగి చూడలేకపోయాను. వెనక ఏమన్నాడో, ఆవిరక్క ఏమందో ప్రార్థనలో కలిసిపోయింది. ఒక కుర్చీ కిర్రుమనడం మాత్రం వినపడింది, తర్వాత ముక్కు చీదుకోవడం, అది ఎవరిదో తెలీలేదు. ఆయన తిరిగి వచ్చి, తన చోట కూర్చుని, కాలు నడవలోకి చాచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

రొట్టె పళ్ళెం మా వరసకి వచ్చింది. మా దగ్గర పళ్ళేన్ని కుర్చీ మీద పెట్టకూడదు, తీసుకున్న మనిషి పక్క మనిషికి పట్టుకోవాలి, పక్క మనిషి తీసుకునేదాకా. ఆయన తన ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం అయిపోయేదాకా పళ్ళెం ఒళ్ళోనే ఉంచుకున్నాడు. నన్ను దాటించి అవతలివాళ్ళకి ఇస్తాడనుకున్నాను, ఇస్తే సబబే, నేనేమీ అనుకునేదాన్ని కాదు. పళ్ళెం నా ముందుకి వచ్చి ఆగింది. ఆయన మొహం మాత్రం నా వైపు లేదు. నాకు చెయ్యి లేవలేదు. ఆవిరక్క పట్టుకున్నప్పుడు ఏనాడూ ఆలోచించకుండా ఠక్కున తీసి మింగేసినదాన్ని, ఇప్పుడు ఆ చిన్న చిన్న ముక్కల వైపు గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను. వెనక వరసలో ఎవరో దగ్గారు. ముందు నా కూతురు ఇంకా వెనక్కి తిరిగే ఉంది.

"తీసుకో," అన్నాడు ఆయన, ఎటో చూస్తూనే, విసుగ్గా. "ఎంతసేపు పట్టుకోమంటావ్?"

పళ్ళెం కిందికి దించలేదు, పక్కకీ జరపలేదు. తీసుకున్నాను.